అరకప్పు

బల్ల మీద పరిచిన తెల్లగుడ్డపై నీళ్లు చిలకరించి, అరచేత్తో మూలమూలకీ అద్దాడు. గుడ్డ తడిగా ఉంటే ఓడ ఎంత ఊగినా పళ్లేలు జారవు. తర్వాత టీ కప్పులు వరసగా పెట్టి, ఒక్కొక్కటీ సగం వరకే నింపాడు. ఇరవై రెండేళ్లుగా ఓడలో వడ్డన పని చేస్తున్నవాడి లెక్కలో నిండు కప్పంటే ఎవరి ఒళ్లోనో ఒలికే కప్పే. ఇంటికెళ్లినా అంతే, కదలని నేల మీద కూర్చున్న చుట్టాలకు కూడా సగమే పోసిచ్చేవాడు. "మనింట్లో పాలకు కరువొచ్చిందనుకుంటారండీ," అని భార్య తల పట్టుకునేది. ఓడలో అందరికీ అతను అరకప్పే. ఆ పేరుకు నవ్వుతూ పలికేవాడు కూడా.

పొట్టిగా ఉంటాడు, బట్టతల, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. చూడగానే గుర్తుండే మనిషి కాదు. కానీ ఎవరికి చక్కెర పడదో, ఎవరు ఇంటినుంచి ఉత్తరం రాక ముభావంగా ఉన్నారో అతనికి కంఠతా వచ్చు. అలాంటివాణ్ణి పట్టుకుని చాకిరీ మనిషి అని తీసిపారేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండదూ మరి!

యుద్ధం రోజులు. ముందు వెళ్లిన రెండు ఓడలు తిరిగి రాలేదు. శత్రువుల దెబ్బ తగిలితే తలుపులు బిగుసుకుపోతాయని, ఏ గది తలుపూ మూయకూడదని కెప్టెన్ ఆజ్ఞ.

మధ్యాహ్నం గంజి పట్టుకుని కింది అంతస్తుకు దిగాడు. అక్కడ ముసలి ఇంజనీరు మూడు రోజులుగా జ్వరంతో పడి ఉన్నాడు. లేచి నిలబడే ఓపిక లేదు. నోటికి మాత్రం ఏ జ్వరమూ రాలేదు.

"గంజి కూడా సగమేనట్రా?"

"ముందు ఇది తాగండి సార్, ఇంకో సగం తెస్తాను."

"ఆ తలుపు చూడు, ఒకటే కొట్టుకుంటోంది. కన్ను మూతపడితే ఒట్టు."

తలుపు కొక్కెం ఊడిపోయి ఉంది. అరకప్పు ముసలాయన కళ్లకింద నలుపు చూశాడు. బయటికొచ్చి తలుపు మూసి, కిందిసందులో చెక్కముక్క దూర్చి బిగించాడు. ఓ గంట నిద్రపోనీ, టీ వేళకు తీసేద్దాం అనుకున్నాడు. ఆజ్ఞ మీరడం అతనికి అదే మొదలు.

టీ వేళకు ముందే దెబ్బ తగిలింది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. అందరూ పడవల దగ్గరికి పరుగెత్తారు. అరకప్పు ఒక కాలు పడవలో పెట్టాడు కూడా. అప్పుడు గుర్తొచ్చింది.

వెనక్కి తిరగబోతుంటే వంటాయన చొక్కా పట్టుకుని లాగాడు. "పిచ్చా నీకు? కింద నీళ్లొచ్చేశాయి."

"ఆ తలుపు మూసింది నేనేనన్నా," అని విడిపించుకుని పోయాడు.

మోకాళ్ల దాకా నీళ్లు. చెక్కముక్క బిగుసుకుపోయింది. తన్నాడు, గోళ్లు చీరుకుపోయేలా పీకాడు, చివరికి ఊడింది. లోపల ముసలాయన తలుపు బాదీ బాదీ కూలబడి ఉన్నాడు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అదే అరకప్పు గుండెను పిండేసింది. "తప్పు నాదే సార్," అని వీపున ఎక్కించుకున్నాడు. ఆ కాలితో రెండు నిచ్చెనలు ఎలా ఎక్కాడో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

పైన ఒక్క పడవే మిగిలింది, అందులో కొందరు అప్పటికే ఎక్కి ఉన్నారు. తన లైఫ్ జాకెట్ విప్పి ముసలాయనకు తొడిగి, నాడాలు కట్టి, పడవలో కూర్చోబెట్టాడు. పడవను దించడానికి పైన తాడు దగ్గర ఒక మనిషి ఉండాలి.

"నువ్వూ రారా," అన్నాడు ఇంజనీరు.

"మీరు పదండి సార్, వెనకాలే వస్తాను."

కుదుపు లేకుండా, నెమ్మదిగా తాడు వదిలాడు. పడవ నీళ్లను తాకింది. వాళ్లు తెడ్లు వేసి కాస్త దూరం వెళ్లేసరికి ఓడ మునిగిపోయింది. ఎంతసేపు చూసినా అతను పైకి తేలలేదు.

నాలుగు నెలల తర్వాత ఇంజనీరు కర్ర పట్టుకుని అరకప్పు ఇంటికి వెళ్లాడు. జాకెట్ అతని భార్య చేతుల్లో పెట్టాడు.

"ఆయన వేసిన ముళ్లు విప్పబుద్ధి కాలేదమ్మా. చిక్కిపోయాను కదా, తలమీంచి తీసేశాను."

ఆమె నాడాల మీద వేలితో తడిమింది. "ఒక్క ముడే వేస్తే నమ్మకం ఉండదు ఆయనకి," అంది, అని ఏడ్చింది.

జాకెట్‌ను గోడ మేకుకు తగిలించింది. ఉప్పు పట్టి గట్టిపడిన నాడాలకు అతను బిగించిన రెండు ముళ్లూ బిగించినట్టే ఉన్నాయి.