మా అక్క ఇంటికి కట్టిన ధర

మతిమరుపు వచ్చాక మా అక్క క్లియోథాకి చాలా పోయాయి. మొగుడు చనిపోయిన సంగతి పోయింది. పొద్దున ఏం తిన్నదో మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఒక్కోరోజు నన్ను పట్టుకుని "నువ్వెవరివే?" అనేది. ఇల్లు ఒక్కటి మాత్రం మరిచిపోలేదు. డెట్రాయిట్ పడమటి వైపున్న ఆ ఎర్ర ఇటుకల ఇంట్లో చీకట్లో వదిలేసినా తడుముకోకుండా తిరిగేది. గుమ్మమెక్కిన వాళ్ళు పాస్టరుగారైనా సరే, "నా ఇంట్లోకి కాళ్ళు తుడుచుకుని రండి" అనేది. సరస్సు ఒడ్డున తెల్లవాళ్ళ ఇళ్ళలో జీవితమంతా నేలలు తుడిచి కొన్న ఇల్లది. ఆమె అనకపోతే ఇంకెవరంటారు?

ఇప్పుడు మేడమెట్లు ఎక్కలేకపోతోంది. స్నానాలగది చూస్తే పైన ఉంది. కింద ఇంకొకటి కట్టించి, పగటిపూట చూసుకోవడానికి ఒక మనిషిని పెడితే చివరిదాకా తన ఇంట్లోనే ఉంటుంది. లేదంటే వృద్ధాశ్రమమే గతి. అక్కడ పడేస్తే అమ్మ బతకదని కూతురు ట్రెనీస్ ఏడ్చేది. నాకూ అదే భయం. ఇంటి మీద అప్పు తేవడం తప్ప మాకు వేరే ఆధారం లేదు.

బ్యాంకు ఇంటి విలువ కట్టడానికి ఒకతన్ని పంపింది. వచ్చాడు. గోడల మీద మా వాళ్ళ ఫోటోలు చూశాడు, మా నల్ల మొహాలు చూశాడు, మేడ మీదకి కూడా ఎక్కకుండా వెళ్ళిపోయాడు. తొంభై వేల డాలర్లని రాశాడు. నాలుగు వీధుల అవతల అచ్చం ఇలాంటిదే, తెల్లవాళ్ళ ఇల్లు, దానికి రెట్టింపు ధరకి పోయింది. ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అతను రాసిన ధరకి వచ్చే అప్పుతో స్నానాలగదికి తలుపు కూడా రాదు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా నల్లవాళ్ళందరికీ తెలుసు. ఇంకో బ్యాంకుకి వెళ్ళాలి. వాళ్ళు పంపే మనిషి వచ్చేలోపు ఇంట్లోంచి మనల్ని మనం తీసెయ్యాలి. ముందురోజంతా ట్రెనీసూ నేనూ అదే పని మీద ఉన్నాం. పెళ్ళి ఫోటోలు, నల్ల ఏసుప్రభువు పటం, చర్చిలో ఇచ్చిన విసనకర్రలు, మా రింగుల జుట్టుకి రాసుకునే నూనెలు, దువ్వెనలు, అన్నీ మూటగట్టి నా కారులో పడేశాం. మా వంట వాసన తెలిసిపోతుందని ఆకుకూర కూడా వండలేదు. ట్రెనీస్ ఆఫీసులో గ్రెచెన్ అని ఒక తెల్లమ్మాయి ఉంది, మంచిపిల్లే. ఇంటావిడలా నిలబడతానంది. తన పెళ్ళి ఫోటో, తన కుక్క ఫోటో తెచ్చి హాల్లో పెట్టింది.

అక్క కుర్చీలో కూర్చుని ఇదంతా చూసింది. "మనల్ని మళ్ళీ వెళ్ళగొడుతున్నారా?" అని అడిగింది. చిన్నప్పుడు మా నాన్నని అద్దె ఇంట్లోంచి సామానుతో సహా రోడ్డు మీదకి నెట్టారు. అదీ మరిచిపోలేదు.

ఆ గంటా అక్కని నేనుండే ఇంటికి తీసుకెళ్ళి ఉంచాలనుకున్నాం. తీరా పొద్దున్నే కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. కదలనంటే కదలనంది. బతిమాలాం, కసిరాం. అవతల ఆ మనిషి వచ్చే వేళయింది. ట్రెనీస్ లోపలికెళ్ళి, పనివాళ్ళు బట్టల మీద కట్టుకునే ఏప్రను ఒకటి తెచ్చి తల్లి నడుముకి కట్టి, గ్రెచెన్‌ని చూపించింది.

"అమ్మా, ఒక్క గంట. ఈవిడ ఇంటావిడ. నువ్వు ఇక్కడ పనిచేస్తున్నావు. ఊరికే, ఆటకి."

"సిగ్గులేదుటే నీకు?" అన్నాను. "ఆ ఏప్రను విప్పెయ్యడానికి కాదుటే మీ అమ్మ ఈ ఇల్లు కొన్నది?"

"వేరే దారుంటే చెప్పు పిన్నీ."

ఇద్దరం నేలమాళిగలోకి దిగి తలుపేసుకున్నాం. మా ఇంట్లో మేమే దొంగల్లా.

పైన అంతా వినిపిస్తూనే ఉంది. ఈ మనిషి మహా సరదాగా ఉన్నాడు. కుక్క గురించి అడిగాడు, కిటికీలు మెచ్చుకున్నాడు, గది గదీ కొలిచాడు. చివరికి వంటింట్లోకొచ్చి అక్కని పలకరించాడు. ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావన్నాడు. చాలా ఏళ్ళయిందండీ అంది అక్క. బాగా చూసుకుంటారా అన్నాడు.

"మంచివాళ్ళండీ," అంది. "పాతబట్టలు కూడా ఇస్తారు."

తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసేటప్పుడు వాడే ఆ గొంతు నేను విని ఇరవై ఏళ్ళయింది. ట్రెనీస్ పిడికిలి నోట్లో కుక్కుకుంది. పోతూ పోతూ గుమ్మంలో అతను గ్రెచెన్‌తో, ఇల్లు అద్దంలా ఉంచుతోంది, ఈమెని వదులుకోకండి అన్నాడు.

లక్షా డెబ్బై వేలని ధర కట్టాడు. అవే గోడలు, అదే కప్పు. ట్రెనీస్ నన్ను పట్టుకుని ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చింది. అప్పు వచ్చింది. కింద స్నానాలగది కట్టారు, పట్టుకుని లేవడానికి గోడకి కడ్డీలు, జారని నేల, వేడినీళ్ళు. ఫోటోలన్నీ ఎక్కడివక్కడ పెట్టేశాం.

అక్క మాత్రం ఏప్రను విప్పలేదు. ఆ రాత్రి పళ్ళెం పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడి తింది. తెల్లారితే సర్దుకుంటుందిలే అనుకున్నాం. సర్దుకోలేదు. పొద్దువాలితే చాలు కోటు అడుగుతుంది, ఇంటికెళ్ళే బస్సు వెళ్ళిపోతుందని. మొగుడి ఫోటో దుమ్ము తుడిచి, "మీవారాండీ? మంచివారిలా ఉన్నారు" అంది కూతురితో. ఎవరొచ్చినా ఇప్పుడు కాళ్ళు తుడుచుకోమనదు. వాళ్ళ వెనకాలే వంగి నేల తనే తుడుస్తుంది.

కొత్త స్నానాలగదిలోకి అడుగు పెట్టదు. తెల్లవాళ్ళ ఇళ్ళలో పనివాళ్ళకి నేలమాళిగలో వేరే మరుగుదొడ్డి ఉండేది. ఇక్కడా అదే వెతుక్కుంటూ, ఆ మోకాళ్ళతో, గోడ పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగిపోతుంది. మొన్న నేను చూస్తుండగానే ట్రెనీస్ అడ్డంపడి రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నీ కోసమే కట్టించానమ్మా. ఇది నీ ఇల్లు."

అక్క చుట్టూ చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"అలా అనకండి అమ్మగారూ. ఎవరైనా వింటే నా పని పోతుంది."