సూది తప్పిన పందొమ్మిది ఇళ్ళు

ఇప్పుడొచ్చే కార్లలో సూక్ యీ చెయ్యి పెట్టడానికి చోటే లేదు. తాళంచెవిలో ఉన్న చిప్పును చూసి కారు తన మనిషిని తానే గుర్తుపడుతోంది. మలేసియాలోని ఈపో పాతబస్తీలో ఉన్న ఆమె కార్ల వైరింగు దుకాణానికి ఈమధ్య వచ్చేదంతా బ్యాటరీ చచ్చినవాళ్ళూ, బల్బు మాడినవాళ్ళూ. మధ్యాహ్నాలు బేరం లేక ఫ్యాను కింద కూర్చుంటే, తొంభై మూడో సంవత్సరం ఆమెకు ఇట్టే గుర్తుకొస్తుంది.

ఆ ఏడు ఈపోలో కార్ల దొంగలు పేట్రేగిపోయారు. రాత్రి గేట్లో పెట్టిన కారు తెల్లారేసరికి ఉండేది కాదు. సూక్ యీకి ఇరవై ఎనిమిదేళ్ళు. తండ్రి ఫూంగ్ నడుం పట్టేసి కుర్చీకే పరిమితమైతే, కార్ల కింద వెల్లకిలా పడుకుని తీగలు కలిపే పనంతా ఆమే చేసేది. "దొంగకి ఓపిక ఉండదే. మూడు నిమిషాల్లో బండి కదలకపోతే వదిలేసి పోతాడు," అనేవాడు తండ్రి. ఆ మూడు నిమిషాలూ దొంగను ఏడిపించడమే ఆమె విద్య. ఎక్కడో ఒకచోట తీగ తెంపి, దాన్ని కలిపే రహస్యపు మీట ఎవరికీ తట్టని చోట దాచేది. ఒక్కో కారుకి ఒక్కో చోటు. అన్నిటికంటే ఆమె గొప్పగా చెప్పుకునేది అయస్కాంతపు తాళం. డ్యాష్‌బోర్డు వెనకాల వేలెడంత గాజుగొట్టం, అందులో వెంట్రుకంత సందుతో రెండు రేకులు. బయటినుంచి అయస్కాంతం ఆనిస్తే రేకులు అతుక్కుంటాయి, బండి స్టార్ట్ అవుతుంది. ఆనించాల్సిన చోటు యజమానికి తప్ప మరొకరికి తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం, షట్టరు సగం దించి భోజనం చేస్తుండగా వెనక గుమ్మంలోంచి మోక్ సిఫూ వచ్చాడు. ఇళ్ళకు గాలీ నీరూ చూసి, గుమ్మం ఎటుండాలో పొయ్యి ఎటుండాలో చెప్పే పెద్దమనిషి ఆయన. ఊళ్ళో చీనావాళ్ళ ఇళ్ళలో సగానికి దిక్కు నిర్ణయించింది ఆయనే. చిన్నా పెద్దా అందరూ సిఫూ, అంటే గురువుగారు, అనే పిలుస్తారు.

"మీ నాన్న ఉన్నాడా, సూక్ యీ?"

"తిని పడుకున్నారు సిఫూ. లేపమంటారా?"

"వద్దొద్దు. నీతోనే పని." గొంతు తగ్గించాడు. "మా వీధిలో రెండు కార్లు పోయాయి. ఆ రెండిళ్ళకీ దిక్కు చూసింది నేనే."

సూక్ యీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వకు. నా కారుకి ఏదన్నా చెయ్యి. ఎవరికీ తెలియకూడదు. ఊరందరి గుమ్మాలకీ రక్షణ చెప్పేవాడు తన బండికి తాళం వేయించుకున్నాడంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"దొంగలకి దిక్కులూ అవీ తెలియవు కదా సిఫూ."

"తెలియకేం. వాళ్ళకి తెలిసినన్ని దిక్కులు నాకే తెలియవు."

ఆయన పాత తెల్ల కారుకి ఆమె అయస్కాంతపు తాళమే వేసింది. గుండీ అంత అయస్కాంతాన్ని నల్లతోలులో కుట్టి చేతికిచ్చింది. "దీన్ని తాళంచెవులతో కలపకండి. కార్లో అసలే వదలొద్దు. ఎప్పుడూ మీ ఒంటిమీదే ఉండాలి," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. లోపల ఏముందో చెప్పలేదు. పనిలో మర్మం బయటపెట్టకపోవడం ఆమెకు తండ్రి నేర్పిన అలవాటు. ఆయనా అడగలేదు. చొక్కా ఎడమ జేబులో వేసుకుని, పైనుంచి రెండుసార్లు తట్టుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలు గడిచాయి. సూక్ యీ అన్న కొండకింద కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు. చేరేముందు దిక్కు చూడమని అమ్మ సిఫూని పిలిచింది. పొద్దున్న ఎనిమిదింటికి అందరూ వాకిట్లో నిలబడ్డారు. ఆయన పద్ధతి ప్రకారం చేతి గడియారం తీశాడు, బెల్టు విప్పాడు, తాళంచెవులు గేటు బయట వదిలాడు. దగ్గర్లో ఇనుము ఉంటే సూది చలిస్తుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తర్వాత ఎర్ర గుడ్డ విప్పి, వలయాల మీద వలయాలుగా అక్షరాలు రాసి ఉన్న చెక్కపళ్ళాన్ని ఎదకు దగ్గరగా పట్టుకున్నాడు. నడిమధ్య గాజుకింద సన్నని సూది ఊగి ఊగి నిలిచింది.

"గుమ్మం ఈశాన్యం," అన్నాడు. "పొయ్యి ఈ గోడకి పనికిరాదు. అటు మార్చాలి."

సూక్ యీ తలెత్తింది. సెప్టెంబరు చివరి వారం, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించే రోజులు. సూర్యుడు గుమ్మానికి తిన్నగా ఎదురుగా, కొండ భుజమ్మీద కూర్చుని ఆమె కళ్ళలోకి కొడుతున్నాడు. ఈశాన్యం ఎలా అవుతుంది?

అప్పుడే సిఫూ పళ్ళాన్ని పిట్టగోడ మీద పెట్టి, చెప్పు సర్దుకోవడానికి వెనక్కి జరిగాడు. సూది మెల్లిగా పక్కకు తిరిగింది. ఆయన మళ్ళీ దగ్గరకు రాగానే అదీ వెనక్కి వచ్చింది. ఆమె చూపు ఆయన ఎడమ జేబు మీద పడింది. తను కుట్టిచ్చిన నల్లగుండీ అందులోనే ఉంది.

అక్కడ నోరు విప్పలేదు. అమ్మ, అన్నా వదినల ముందు ఆ పెద్దాయన పరువు తియ్యడానికి మనసొప్పలేదు. దుకాణం దగ్గర దింపమని ఆయన కారే ఎక్కింది. పెద్ద రోడ్డు మీదికి రాగానే అంది, "సిఫూ, కొంచెం పక్కకి ఆపుతారా?"

"ఏం, కడుపులో తిప్పుతోందా?"

"కాదు. మీ జేబులో ఉన్నది అయస్కాంతం."

ఆయన కారు ఆపాడు. పళ్ళాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. నల్లగుండీ తీసి దగ్గరకు తెచ్చాడు. ఎముక చూపిస్తే తల తిప్పే కుక్కలా సూది గిర్రున తిరిగింది. దూరం జరిపాడు, తెచ్చాడు, జరిపాడు. మూడుసార్లు చేశాక చేతులు స్టీరింగు మీద పెట్టి కూర్చుండిపోయాడు. పక్కనుంచి లారీలు వెళ్తుంటే కారు వణుకుతోంది.

"తిట్టండి సిఫూ. నేను చెప్పుండాల్సింది."

"నేను అడిగుండాల్సింది. తన జేబులో ఏముందో తెలియనివాడు ఊరికి దిక్కులు చెప్పాడు." పళ్ళానికి ఎర్ర గుడ్డ చుడుతూ అన్నాడు, "నలభై ఏళ్ళుగా సూదినే చూస్తున్నాను. తలెత్తి సూర్యుణ్ణి చూడటం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు."

చేతిసంచిలోంచి పుస్తకం తీసి, వేలితో ఒక్కొక్క పేరూ తాకుతూ లెక్కపెట్టాడు. మే నెల నుంచీ, అన్న ఇంటితో కలిపి, పందొమ్మిది ఇళ్ళు.

ఆమెకు భయమేసింది. "ఎవరికీ తెలియదు కదా. ఇవాళే ఆ తాళం మార్చేస్తాను. ఇకమీదట సరిగ్గా చూస్తే చాలు."

"ఎవరికీ తెలియదా? నువ్వూ నేనూ మనుషులం కామా?" అన్నాడు ఆయన, కోపం లేకుండానే. "ఆదివారం ఏడింటికి తయారుగా ఉండు. ఒక్కణ్ణే ఆ గడపలెక్కాలంటే నాకు కాళ్ళు రావు."

ఆ ఆదివారం మొదలైంది తిరుగుడు. అన్న ఇంటినే ముందు సరిచేశాడు. తర్వాతి గుమ్మంలో ఆయన "తప్పు చూశాను, మళ్ళీ చూడనివ్వండి" అనగానే సూక్ యీ ఆగలేక, "తప్పు ఆయనది కాదు, నాది..." అని అందుకుంది. కార్లోకి వచ్చాక ఆయన మందలించాడు. "నీ తప్పు మీ అమ్మకి చెప్పుకో. వాళ్ళు పిలిచింది నన్ను."

కాఫీ హోటలు యజమాని తాయ్ అయితే ఆయన్ని కౌంటరు దగ్గరకే రానివ్వలేదు. "దీన్ని ఇటు తిప్పినప్పట్నుంచీ బేరాలతో నాకు కూర్చోడానికి తీరిక లేదు. తప్పో ఒప్పో, ముట్టుకున్నారంటే నేనూరుకోను సిఫూ. కాఫీ తాగి వెళ్ళండి."

ఇంకో ఇంట్లో మొదటిసారి చూసినప్పుడు ఆయన వంటింటి వెనక తలుపు మూసేయించాడు. ఆ ఇల్లాలు కడుగునీళ్ళ బకెట్టు పట్టుకుని నాలుగు నెలలుగా ఇల్లంతా చుట్టి వస్తోంది. తలుపు మళ్ళీ తెరుచుకోవచ్చని చెప్పగానే, "ఈ నాలుగు నెలలూ మిమ్మల్ని రోజుకి మూడుసార్లు తిట్టుకున్నాను. ఏమనుకోకండి," అంటూ వాళ్ళ ముందే మేకులు పీకడం మొదలుపెట్టింది. ఒక ముసలావిడ మాత్రం మంచం వెనక్కి జరపనంది. కిటికీ కిందికి మార్చాక కొండ కనపడుతోందట, తెల్లవారుజామున గబ్బిలాలు గుహల్లోకి తిరిగివెళ్ళడం చూస్తోందట. "ఈ వయసులో నాకింకేం అదృష్టం కావాలి నాయనా, ఉండనీ," అంది.

పద్నాలుగో పేరు దగ్గర ఆయన అడుగు తడబడింది. అక్కడ సరిచెయ్యడానికి ఇల్లే లేదు. లై పెంగ్ అనే పిల్లా ఆమె భర్తా పెళ్ళయిన కొత్తలో ఒక ఇల్లు చూసుకున్నారు. గుమ్మం దిక్కు వాళ్ళిద్దరికీ పడదని సిఫూ చెప్పాడు. అత్తగారు వద్దంది. ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. సిఫూ మొన్న ఆ వీధికి వెళ్ళి మళ్ళీ చూశాడు. ఆ దిక్కు వాళ్ళకు నిక్షేపంగా సరిపోయేది.

ఇప్పుడు ఆ దంపతులిద్దరూ ఇనపసామాన్ల కొట్టు పైన ఒక గదిలో ఉంటున్నారు. సిఫూ నిలబడే, రెండు చేతులూ ముందు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. లై పెంగ్ కూర్చోమనలేదు.

"వాకిట్లో జామచెట్టుండేది," అంది చివరికి. "ఇప్పటికీ అటు వెళ్ళాల్సొస్తే చుట్టుదారిన వెళ్తున్నా. మీరొచ్చి తప్పైపోయిందంటే ఆ చెట్టు వస్తుందా?"

"రాదమ్మా," అన్నాడు ఆయన.

మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. ఆ రోజు మరో ఇంటికి వెళ్ళలేదు.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా ఆయన నోట ఒకటే మాట: దగ్గర్లో అమ్మే ఇల్లేదైనా ఉందా? కాఫీ హోటళ్ళలో అడిగాడు, మంగలి దుకాణంలో అడిగాడు, చావు ఇంట్లో కూడా అడిగి తిట్లు తిన్నాడు. పాత ఇళ్ళు చూడటానికి సూక్ యీని లాక్కెళ్ళేవాడు. ఆమె తీగలూ స్విచ్చులూ తట్టి చూసి, "వద్దు సిఫూ, వర్షానికి గోడలు నానుతున్నాయి," అంటే మారు మాట్లాడకుండా బయటికి నడిచేవాడు. పెద్దల్ని తలుచుకునే చింగ్ మింగ్ పండక్కి సమాధుల దగ్గర గడ్డి పీకే రోజులు వచ్చేసరికి పాసిర్ పింజీ పేటలో ఒక రిటైరైన మాస్టారి ఇల్లు దొరికింది. రెండు గదులు, వెనక వరండా.

లై పెంగ్ మొహం ముడుచుకునే వచ్చింది. ఒక్కో కిటికీ తెరుచుకుంటూ లోపలంతా తిరిగింది.

"నచ్చిందా?" అన్నాడు సిఫూ.

"వంటిల్లు ఇరుకు."

"ఇంకా?"

"వరండాలో గాలి బాగుంది." ఆయన వైపు తిరిగి అడిగింది, "మీరు దిక్కు చూడరా?"

ఆయన కారు దగ్గరకు వెళ్ళి, బానెట్ మీద జేబులన్నీ ఖాళీ చేశాడు. చిల్లర, రుమాలు, తలనొప్పి తైలం, పళ్ళపుల్లలు. ఆఖరికి జేబుల అస్తర్లు కూడా బయటికి లాగి, కుందేలు చెవుల్లా వేలాడుతుండగానే పళ్ళెం పట్టుకుని నడిచొచ్చాడు. లై పెంగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. ఆమె నవ్వగా సూక్ యీ చూడటం అదే మొదలు. దిక్కు బాగుంది. బాగుండకపోయినా ఆ పిల్ల ఆ ఇల్లే తీసుకునేదని సూక్ యీకి అనిపించింది.

కబురు ఊరంతా పాకింది. డబ్బున్నవాళ్ళు కొందరు కౌలాలంపూర్ నుంచి వేరే సిఫూని పిలిపించుకున్నారు. పాతబస్తీవాళ్ళు మాత్రం మోక్ సిఫూనే పిలిచేవారు, కాకపోతే గుమ్మంలోనే "జేబులు చూసుకున్నారా?" అని అడిగేవారు. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు.

పందొమ్మిదో ఇల్లు అయిపోయిన మరుసటి ఆదివారం సూక్ యీ ఆరున్నరకే లేచి తయారైంది. బూట్లు తొడుక్కుంటుంటే అమ్మ అడిగింది, "ఇంకా ఎవరిల్లు మిగిలిందే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎవరిదీ మిగల్లేదు. అయినా బూట్లు విప్పబుద్ధి కాలేదు. పాలప్యాకెట్టు తెస్తానని చెప్పి వీధిలోకి వచ్చింది. సందు చివర తెల్లకారు ఆగి ఉంది. సిఫూ అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున్నే ఎటు బయల్దేరావు?"

"పాలకి. మీరు?"

"ఇటేదో పనుండి..." అని ఒక్క క్షణం ఆలోచించి, ఏ పనీ తట్టక తలుపు తీశాడు. "ఎక్కు. స్టేషను పక్కన చేప నూడిల్స్ బాగుంటాయంటున్నారు."

"ఎవరన్నారు? ఆ పులుసు ఒట్టి నీళ్ళు. మార్కెట్ దగ్గరవే బాగుంటాయి."

"నీకు తిండి సంగతేం తెలుసు, తీగలు కొరికేదానివి," అన్నాడు ఆయన, బండి మార్కెట్ వైపు తిప్పుతూ.