మెట్లు కడిగిన నీళ్లు

మా విశ్రాంత పోలీసుల సంఘం ఒక బెంచీ మీద పుట్టింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మొన్న కొత్త హాలు ప్రారంభం నాడు చదివిన సంఘ చరిత్రలో ఆ బెంచీ లేదు, మేమూ లేము.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పోలీసోడికి సంఘం పెట్టుకునే హక్కు లేదు. నోరు మూసుకుని లాఠీ పట్టుకోవడమే. రిటైరైన రోజున లాఠీ లాక్కుంటారు, నోరు మాత్రం అలాగే ఉంచుకోమంటారు. ఇరవై రెండేళ్ల కిందట పింఛను కాగితాల కోసం పెద్దాఫీసు మెట్ల దగ్గర నిలబడీ నిలబడీ ఒక ముసలి హెడ్ కానిస్టేబులు కుప్పకూలి చచ్చిపోయాడు. ముప్పై ఆరేళ్లు ఆ గేటుకే కాపలా కాసిన మనిషి. లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గుమాస్తా కూర్చోమనలేదు. కూర్చోమననిదే కూర్చోవడం మావాళ్లకు రాదు.

మర్నాడు మా డ్రైవరు, జీపులు తోలితోలి నడుం పోగొట్టుకున్నవాడు, పాత బ్యారకులో పారేసిన టేకు బెంచీని తోపుడు బండి మీద తెచ్చి ఆ మెట్ల పైన, సరిగ్గా తలుపుకు ఎదురుగా వేశాడు. నలుగురు పట్టే బెంచీ మీద ఐదుగురం ఇరుక్కుని కూర్చున్నాం. రిటైరైనవాడు వస్తే కూర్చోబెట్టి మాట్లాడాలి, మా కోరిక అంతే. సంఘం నిబంధనల్లో మొదటిది డ్రైవరు అక్కడే సిగరెట్టు పెట్టె అట్ట మీద రాశాడు. ఇక్కడ ర్యాంకు లేదు, వచ్చినవాడు కూర్చుంటాడు.

మూడో రోజు పొద్దున్నే మమ్మల్ని కొట్టి లేపారు. కొట్టింది మా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లే. కొట్టించింది అప్పటి సూపరింటెండెంటు. డ్రైవరును పైనుంచి తోస్తే మోకాలి చిప్ప పగిలింది. మెట్లనిండా నెత్తురు.

ఆ రోజు స్టేషన్ డైరీ రాసింది రైటరు. స్టేషన్లో రాతకోతలు చూసేవాణ్ణి మేం అలాగే పిలుస్తాం. ఇలా రాశాడు: ‘మద్యం మత్తులో ఒక విశ్రాంత డ్రైవరు మెట్ల మీద జారిపడ్డాడు. వేరెవరూ లేరు. ప్రశాంతం.’

డ్రైవరు పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. ఆస్పత్రివాళ్లు మాత్రం అదే ముక్క ఎక్కించుకున్నారు. కుంటుకుంటూ పదేళ్లు సంఘం నడిపి పోయాడు. ఆ నింద పోలేదు. కూతురికి ఆ ఆస్పత్రి రికార్డు గదిలోనే ఉద్యోగం వచ్చింది. చేరిన ఏడాదే తండ్రి ఫైలు తీసి చదివింది. ఆ తరవాత ఇంట్లో తండ్రి ఫొటో వైపు చూడటం మానేసింది.

ఇక ఆ సూపరింటెండెంటు సంగతి. పదవి దిగాక ఆయనకీ కూర్చోడానికి ఒక కుర్చీ కావలసి వచ్చింది. మా సంఘానికి వచ్చాడు. ర్యాంకు లేదని రాసుకున్న గదిలో ఆయన అడుగుపెట్టగానే అందరం లేచి నిలబడ్డాం. నేనూ లేచాను. ఆ సిగ్గు నన్ను వదల్లేదు. మేం అలా లేవడంతోనే ఆయన అధ్యక్షుడైపోయాడు, ఎన్నిక కూడా అక్కర్లేకపోయింది.

హాలు తెరవడానికి వారం ముందు డ్రైవరు భార్య మా ఇంటికి వచ్చింది.

“అన్నయ్యా, సంఘం చరిత్ర ఎవరు రాస్తున్నారు?”

“రైటరు.”

“మంచిదే. నిజాన్ని ఎక్కడ పాతిపెట్టాడో అతనికే తెలియాలి.” మంచినీళ్లు ఇస్తే ముట్టలేదు. “ఆయన ఫొటో పెట్టొద్దు, దండ వెయ్యొద్దు. తాగి పడలేదు, తోస్తే పడ్డాడు అని ఒక్క ముక్క చదవమను. నా కూతురు పక్కన కూర్చుని వినాలి. నేను చెబితే, ‘రికార్డు వేరేలా ఉందమ్మా’ అంటుంది.”

రైటరు దగ్గరికి వెళ్లాను. “రాస్తానన్నా, ఒట్టు,” అన్నాడు. రాశాడు కూడా, నాకు చూపించాడు. తరవాత ఆ కాగితం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లింది.

ప్రారంభం పొద్దున పదింటికి. ముందు వరసలో అధికారులుగా దిగిపోయినవాళ్లకు మెత్తటి కుర్చీలు, వెనక మాకు ప్లాస్టిక్‌వి. మా బెంచీ వరండాలో ఉంది, దాని మీద చెప్పులు. తల్లీకూతుళ్లను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. రైటరు మైకు ముందు నిలబడి ‘గౌరవ అధ్యక్షులవారి సంకల్పంతో ఆవిర్భవించిన మన సంఘం’ అని ఎత్తుకున్నాడు. రెండు పేజీలు అయిపోయాయి. మెట్లు రాలేదు.

నేను లేచాను. “ఆ మెట్ల సంగతి ఎక్కడ పోయింది?”

అధ్యక్షుడు నవ్వాడు. “కూర్చోవయ్యా. దానికి రికార్డు లేదు. పాత డైరీ తెప్పించి చూశాను. ఆ పూట అంతా ప్రశాంతం. ఏం రైటర్, రాత నీదేగా?”

“నాదే సార్.”

“అక్కడ ఎవరైనా ఉన్నారా?”

“రికార్డు ప్రకారం లేరు సార్.”

మా వృత్తిలో పెద్ద ప్రశ్న అడగరు. పొడిచావా అంటే ఎవడూ అవుననడు. చొక్కా ఎక్కడ ఆరేశావని అడగాలి. అలా అడగడం నాకు నేర్పింది ఈ రైటరే.

“మెట్లు కడిగిన నీళ్లు ఎక్కణ్ణించి తెచ్చావు రైటరూ?” అన్నాను.

“గార్డు రూం కుళాయి నుంచి. బకెట్లతో...”

అక్కడ నోరు ఆగింది.

“ఎన్ని బకెట్లు?” ఈసారి అడిగింది నేను కాదు, డ్రైవరు కూతురు. కూర్చున్న చోటి నుంచే, ఫైలు నంబరు అడిగినట్టు అడిగింది.

రైటరు ఆమె ముఖం చూసి తల దించుకున్నాడు. “మూడమ్మా,” అన్నాడు. “ఎంత కడిగినా పోలేదు.”

“చాలు,” అన్నాడు అధ్యక్షుడు. “సభామర్యాద అనేది ఒకటుంది. రైటర్, చదువు.”

డెబ్బై నాలుగేళ్ల రైటరు మడమలు వాటంతటవే కలిశాయి. చదివాడు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టే, ఒక్క మాట మార్చకుండా చదివాడు. ఆనాటి నుంచి సంఘం ప్రశాంతంగా పురోగమిస్తోందట. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక డ్రైవరు భార్య లేచింది. “మా ఆయన మోకాలు కూడా ప్రశాంతంగానే విరిగిందా సారూ?”

“మీ బాధ నాకు అర్థమైందమ్మా. లిఖితపూర్వకంగా ఇవ్వండి, పరిశీలిస్తాం.”

ముగ్గురం బయటికి వచ్చేశాం. వరండాలో కూతురు ఆగింది. బెంచీని ఒక పక్కకు ఒంచింది. అధికారుల బూట్లు, మావాళ్ల చెప్పులు కలిసి గచ్చు మీద పడ్డాయి. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మా, అది సంఘం ఆస్తి. తీసుకెళ్లకూడదు.”

“స్టాకు రిజిస్టర్లో ఉందా?”

పాపం, వెళ్లి చూసొచ్చాడు. “లేదండీ.”

“రికార్డులో లేనిది పోయిందని ఎలా రాసుకుంటారు?” అంది. ఒక కొస ఆమె ఎత్తింది, రెండో కొస నేనూ వాళ్లమ్మా పట్టుకున్నాం. పెద్దాఫీసు అక్కడికి రెండు వీధుల దూరం. దారిలో మూడు సార్లు దింపాం. రెండోసారి దింపినప్పుడు వాళ్లమ్మతో అంది, “ఆస్పత్రి ఫైల్లో అది నేను దిద్దలేనమ్మా. నాకు అధికారం లేదు.”

“నాన్న ఫొటో వైపు చూస్తావా?”

కూతురు తన కొంగుతో తల్లి ముఖం తుడిచింది.

మెట్లు ఎక్కించి, పాత చోటే, తలుపుకు ఎదురుగా వేశాం. ముగ్గురం కూర్చున్నాం. కింద ఎండలో ఒకామె ఫైలు పొట్టకు ఆనించుకుని నిలబడి ఉంది. వంటి మీద యూనిఫాం లేదు గానీ నిలబడే తీరు చూస్తే తెలుస్తుంది, ఈ మధ్యే దిగిపోయిన కానిస్టేబులు. కాళ్లు వాచి ఉన్నాయి.

“పైకి రామ్మా, చోటుంది. కూర్చో,” అన్నాను.

“కూర్చోమని ఎవరూ చెప్పలేదండీ.”

“నేను చెబుతున్నానుగా.”

ఆమె నా వైపు చూసింది, తరవాత నా వెనక మూసి ఉన్న తలుపు వైపు చూసింది. మళ్లీ సర్దుకుని నిటారుగా నిలబడింది.