అద్దాన్ని ఊపేది నేనే

నేను ఒక డ్రైవ్‌ని. కారు నడిపే డ్రైవ్ కాదు, పాటలు దాచుకునే పెన్ డ్రైవ్ అంతకన్నా కాదు. టెరాహెర్ట్జ్ కెమెరా లోపల కూర్చుని ఒక అద్దాన్ని అటూ ఇటూ ఊపే యంత్రాన్ని. ఇంతేనా అని పెదవి విరవకండి. మీ ఒంటి నుంచి కంటికి కనిపించని టెరాహెర్ట్జ్ తరంగాలు ఎప్పుడూ వెలువడుతూనే ఉంటాయి. బట్టలు వాటిని ఆపలేవు, నడుముకి దాచిన కత్తి ఆపుతుంది. అద్దం ఊగుతూ ఆ తరంగాలను వరుసలు వరుసలుగా ఏరి ఇస్తే, తెర మీద మసగ్గా మీ ఆకారం, అందులో నల్లటి మచ్చలా కత్తి కనబడతాయి. అద్దం వెంట్రుకవాసి తప్పిందా, కత్తి కాస్తా చొక్కా ముడతలా కనబడుతుంది. అందరూ కెమెరాని మెచ్చుకుంటారు గానీ, గొప్పంతా నాదే.

నేను పుట్టింది చర్లపల్లిలో ఒక చిన్న వర్క్‌షాపులో. నన్ను ఊహించి గీసిన ఇంజనీరు ఇందుమతి. బిగించి నిలబెట్టినవాడు ఫిట్టర్ సత్తయ్య. అంతవరకూ మా వర్క్‌షాపు కెమెరాలకి డ్రైవ్‌లు విదేశాల నుంచే వచ్చేవి. ఇక్కడే చేద్దామని ఇందుమతి పట్టుబట్టింది. దసరా తర్వాత కొనుగోలు కమిటీ ముందు పరీక్ష. నెగ్గితే నాలాంటివి ఇక్కడే తయారవుతాయి. ఓడితే మళ్ళీ విదేశీ సరుకే, ఆమె ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అది తలుచుకుంటే నాకు గర్వంగానూ ఉండేది, గుబులుగానూ ఉండేది.

ఇందుమతికి దుమ్మంటే పడదు. తలకి టోపీ, చేతులకి తొడుగులు లేకుండా ఎవరినీ నా గదిలోకి రానిచ్చేది కాదు. తుమ్ము వస్తే సత్తయ్య వరండాలోకి పరుగెత్తేవాడు.

ఆయుధపూజ నాడు లేతు మిషను నుంచి స్క్రూడ్రైవర్ దాకా అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. సెలవులయ్యాక నన్ను నడిపితే తెర మీద బొమ్మ వణికింది. వైర్లు మార్చారు. ప్రోగ్రాము తిరగరాశారు. కరెంటుని తిట్టారు, పాపం బల్లని కూడా అనుమానించారు. తప్పు ఎక్కడో దూరంగా ఉండాలని మనుషులకి మహా ఆశ. చివరికి నన్ను విప్పారు. సత్తయ్య నా బేరింగుని గుడ్డతో తుడిచి చూస్తే గుడ్డ ఎర్రబడింది.

“మేడం, ఇది కుంకుమ! దీనికెవలు పెట్టిన్రు బొట్టు? పండుగనాడు నేనైతే ఈ రూములకే రాలె.”

ఇందుమతి నెమ్మదిగా టోపీ తీసింది.

“నేనే సత్తయ్యా. అన్నిటికీ పెట్టి దీనికొక్కదానికి పెట్టకపోతే మనసొప్పలేదు.”

ఇంకెవరైనా చేసుంటే వాళ్ళ దుమ్ము దులిపి వదిలేది! నాకు మాత్రం ఆమె మీద కోపం రాలేదు. ఇంట్లో పిల్లకి పెట్టినట్టు నాకు బొట్టు పెట్టింది, ఎలా కోప్పడను?

ఆమె ఆ ఎర్రగుడ్డనే చూస్తూ, “బొట్టే లోపలికి పోయిందంటే రేపు స్టేషన్ గేటు దగ్గర జనం దుమ్ము పోదా? మూత మార్చేద్దాం” అంది.

“మారుద్దాం మేడం. ఇగ బొట్టు బయటి పెట్టెకు పెడదాం” అన్నాడు సత్తయ్య.

నా ఇరుసు చుట్టూ మెత్తటి రింగు వేసి, పైన కొత్త మూత బిగించారు. మొదట బిగుతై నాకు ఊపిరాడలేదు. సడలించి, మళ్ళీ బిగించి, పరీక్ష రోజుకి నన్ను దారిలో పెట్టారు.

కమిటీ పెద్ద మార్తాండరావు గారు విదేశీ డ్రైవ్‌ల పక్షం. నేల అదురుకి బొమ్మ చెదురుతుందేమో చూద్దామని లారీలు తిరిగే దారి పక్కనే నన్ను పెట్టించారు. ప్లాస్టిక్ కత్తి నడుముకి దోపుకుని, కోటు వేసుకుని, కెమెరా ముందు తామే నడిచారు. కత్తి స్పష్టంగా కనబడింది. ఛాతీ దగ్గర నలుచదరంగా ఇంకో మచ్చ కూడా కనబడింది.

“అక్కడేముంది సార్?” అంది ఇందుమతి.

“ఏమీ లేదమ్మా. మీ డ్రైవ్ లేనిది చూపిస్తోంది” అన్నారాయన.

ఆమె మళ్ళీ నడవమని బతిమాలింది. మళ్ళీ అదే మచ్చ. నా ఊపులో పిసరంత తేడా లేదని నాకు తెలుసు, కానీ నాకు నోరేదీ?

“సార్, ఏమనుకోకున్రి, కోటు లోపలి జేబు ఒక్కపారి జూసుకోన్రి” అన్నాడు సత్తయ్య.

విసుగ్గా జేబులో పెట్టిన పెద్దాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. బయటికి వచ్చింది పల్లీపట్టీ! షుగరు ఉందని ఇంట్లో తీపి బందు పెట్టారట, అందుకని అక్కడ దాచి, ఆ సంగతే మరిచిపోయారు. కమిటీ అంతా ఘొల్లుమంది. “ఇది మా ఇంటిదాన్ని మించిపోయిందమ్మా” అని ఆయనా నవ్వేసి, అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఇందుమతి ఏడ్చింది, నవ్వింది, సత్తయ్య భుజం చరిచింది. నేను ఆగకుండా ఊగుతూనే ఉన్నాను. అంతటి ఆనందం నేనెరగను.

ఇప్పుడు నాతోపాటు తయారైన నా తోబుట్టువులు చాలా చోట్ల ఉన్నాయి. నేను నగరంలో ఒక మెట్రో స్టేషన్ గేటు పైన ఉన్నాను. మొదటి రోజు ఇందుమతి, సత్తయ్య వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. చేతిసంచితో వచ్చిన ఒక అవ్వ అలవాటుగా రెండు చేతులూ పైకెత్తి, ఆడవాళ్ళ తనిఖీకి తెర చాటు ఎక్కడా అని వెతుక్కుంది.

“చెకింగు జెయ్యవా బిడ్డా?” అని గార్డమ్మాయిని అడిగింది.

“అయిపోయింది అవ్వా. నువ్వు నడుసుకుంట వస్తుంటెనే అయిపోయింది. పో.”

“నన్నెవలు ముట్టనే లేదు గదనే!”

నవ్వుకుంటూ చేతులు దించి, కొంగు సర్దుకుని రైలు వైపు నడిచింది. ఆమె వెనక వరుసలో ఒక్కరూ చేతులెత్తలేదు.