మధ్య ముక్క

చిట్టిబాబు అట్టముక్కను ఒక వరుస కిందికి జరిపాడు. పెదవులు కదుపుతూ ఆ వరుస చదివి, మళ్లీ జరిపాడు. కిటికీ గాలికి పేజీ లేవకుండా ఎడమచేతి బొటనవేలితో అదిమిపెట్టాడు. ముప్పై ఏళ్లుగా మైదాపిండి జిగురు కలిపిన వేలు అది. గోరు చుట్టూ చర్మం పొరలుగా గట్టిపడింది. రైలు భట్టిప్రోలు దాటింది.

"ఇంకా ఎన్ని పేజీలు బాబాయ్?" ఎదుటి సీట్లోంచి నస్రీన్ అడిగింది.

"నాలుగున్నర."

"నిన్న పొద్దున ఐదన్నారు."

"ఇంగ్లీషమ్మా. నమిలి మింగాలి."

నస్రీన్ రేపల్లెలో నర్సు. పెళ్లయి మూడు వారాలు. అరచేతుల్లో గోరింటాకు అంచులు ఇంకా మిగిలే ఉన్నాయి. పక్కన కూర్చున్న నీరజ బడిలో టీచరు. ఇద్దరూ తెనాలిలో ఎక్కి, వేమూరులో ఎక్కే చిట్టిబాబుకి రోజూ కిటికీ సీటు ఆపి ఉంచుతారు.

చిట్టిబాబు రేపల్లెలో ఒక కాలేజీ లైబ్రరీలో అటెండరు. ఐదు నెలల కిందట అక్కడ చిరిగిన పుస్తకాలు తీసేస్తుంటే, వెన్ను విరిగిన పాత ఇంగ్లీషు ప్రేమ నవల ఒకటి అతని చేతికొచ్చింది. చాలా పేరున్న నవల. ముగ్గురికీ ఒకేసారి కావాల్సి వచ్చింది. అతను బైండింగు కత్తితో దాన్ని మూడు ముక్కలు చేసి, వేటికవి కుట్టి, గోధుమరంగు అట్టలు వేశాడు. మొదటిది నీరజకి, చివరిది నస్రీన్‌కి ఇచ్చి మధ్యది తను ఉంచుకున్నాడు. ముగ్గురూ పూర్తిచేశాకే మార్చుకోవాలని షరతు పెట్టిందీ అతనే. వాళ్లిద్దరూ పదిహేను రోజుల్లో ముగించి, అప్పటి నుంచి అతని కోసం ఆగి ఉన్నారు. వాదన మాత్రం ఏ రోజూ ఆగలేదు.

"వానలో ఆడపిల్ల నడిచి పోతుంటే బండి ఆపని మనిషి. వాడికి మళ్లీ పెళ్లొకటి" అంది నీరజ.

"నా ముక్క చదివితే ఆ మాట అనరక్కా."

"నీకేం, కొత్త పెళ్లికూతురివి. ఇప్పుడు కరెంటు స్తంభం కూడా మంచివాడిలాగే కనిపిస్తుంది."

నస్రీన్ దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆ పిల్ల వాడితో పెళ్లికి కాదనడం రైటే" అన్నాడు చిట్టిబాబు. "అడిగే తీరా అది? కరెంటు బిల్లుకి రసీదు అడిగినట్టు అడిగాడు."

"తర్వాత మారాడు కదా బాబాయ్."

"ఏయ్, కథ చెప్పకు" అంది నీరజ.

"నా ముక్కలో మారలేదమ్మా. లేనిది ఎట్లా నమ్మను?"

అతనికి ఈ రోజే రిటైర్మెంటు. సాయంత్రానికి ఈ నాలుగున్నర పేజీలు అవకపోతే మూడు ముక్కలూ మూడిళ్లలో ఉండిపోతాయి. ఇంట్లో భార్య ప్రమీల కూడా ఎదురుచూస్తోంది. రాత్రి అన్నాలయ్యాక చదివినంతవరకు ఆమెకి చెప్పడం అతనికి అలవాటు. ఆమె తీర్పు వేరు. "అతనికి మాట్లాడటం రాదు, అంతే" అంటుంది, మొగుడి వంకే చూస్తూ. బాపట్లలో పెళ్లిచూపులనాడు చిట్టిబాబు ఆమెతో ఒక్క మాటా అనలేదు. కూర్చున్నంతసేపూ గోడగడియారం చూశాడు. పొగరనుకుంది. భయమని తెలియడానికి ఏడాది పట్టింది. పొద్దున క్యారేజీ అందిస్తూ, "ఏమైందో కనుక్కుని రా" అంది.

కాలేజీలో ఒక్క వరుస కూడా చదవడం కుదరలేదు. మధ్యాహ్నం దాకా పదకొండు పుస్తకాల వెన్నుకు గుడ్డ అతికించాడు. జిగురు గిన్నె కడిగి బోర్లించి, బీరువా తాళాలు అప్పగించాడు. మూడింటికి దండ వేసి, శాలువా కప్పి, గోడగడియారం బహూకరించారు. అది చూసి అతను ఒక్కడే ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం రైల్లో మొదటిసారి వాళ్లిద్దరూ వాదన మాని అతన్ని చదవనిచ్చారు. ఒడిలో శాలువా, దానిమీద పుస్తకం. అట్టముక్క జరుగుతూనే ఉంది. పల్లికోన పోయింది. భట్టిప్రోలు పోయింది. కథలో ఆ పిల్ల ఒంటరిగా నడిచి అతని ఇంటిదాకా వచ్చింది. గుమ్మం ముందు ఆగి చెయ్యి ఎత్తింది. తర్వాత గోధుమరంగు అట్ట.

చిట్టిబాబు తలెత్తాడు. "తలుపు కొట్టిందా?"

"అక్కడ కత్తి పెట్టింది మీరే బాబాయ్ గారూ" అంది నీరజ.

అతను జేబులోంచి పెన్సిలు తీసి, ఆ పేజీలో ఏదో రాసి, పుస్తకం మూశాడు.

వేమూరు వస్తోంది. నీరజ తన ముక్కను, నస్రీన్ తన ముక్కను అతని సంచిలో, గడియారం పక్కన పెట్టేశారు.

"రెండూ నాకేనా? మరి మీకు?"

"మీది చాలు" అంది నస్రీన్.

"ఒక్కటి పెట్టుకుని ఇద్దరూ పోట్లాడుకుంటారు."

"అందుకే బాబాయ్."

అతను దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, "వస్తానమ్మా" అన్నాడు. రోజూ అనే మాటే. రైలు కదిలింది. సంచిని గుండెకు ఆనించుకుని, ప్రమీల ఎదురుచూస్తున్న ఇంటివైపు అతను ఎప్పటికన్నా కొంచెం తొందరగా నడవడం వాళ్లకు కనిపించింది.

కిటికీ సీటు మీద మధ్య ముక్క ఉంది. నీరజ తెరిచింది. ఆ పిల్ల కాదన్న పేజీ పక్కన పెన్సిలుతో 'బాగా చెప్పింది' అని ఉంది. అది పాత రాత, కొంచెం అలుక్కుపోయింది. చివరి పేజీలో, ఎత్తిన చెయ్యి దగ్గర, ఈ సాయంత్రపు రాత ఉంది: 'తియ్యవయ్యా తలుపు.'

దాని కింద, జరపడానికి ఇంకో వరుస లేక, అట్టముక్క అలాగే ఉండిపోయింది.