ఎలియట్ మొదటి మాట

నాలుగేళ్ళలో నాలుగు బడులు మారాను. అందరూ మంచి టీచరువే అన్నారు, ఎవరూ ఉండిపొమ్మనలేదు. హాలిఫాక్స్‌లోని ఈ బడిలో కూడా నా ఒప్పందం జూలైతో సరి. అందుకే మే నెలలో ఇక్కడే పర్మనెంటు ఉద్యోగం ఒకటి పడిందని తెలియగానే, ఇది కూడా పోతే ఈ వృత్తికో దండం పెట్టేయాలని తీర్మానించుకుని దరఖాస్తు ముందేసుకున్నాను.

అన్నీ బాగానే నింపాను. చివరి ప్రశ్న దగ్గర చతికిలబడ్డాను. “మీ వల్ల మార్పు వచ్చిన ఒక పిల్లవాడి గురించి రాయండి.” నా క్లాసులో ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ తలచుకున్నాను. అందరికీ చదవడం వస్తోంది, లెక్కలు వస్తున్నాయి. ఫలానా వాడు నా వల్ల మారాడని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పదగ్గవాడు ఒక్కడూ దొరకలేదు.

మారినవాడు మాత్రం ఒకడున్నాడు. ఎలియట్, ఆరేళ్ళవాడు. ఇంట్లో గలగలా మాట్లాడతాడని వాళ్ళమ్మ చెప్పేది. బడిలో మాత్రం సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నోరు విప్పలేదు. విప్పించింది మావిస్, నా క్లాసు అసిస్టెంటు. ఆమెకి యాభై ఏడేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఈ బడిలో పిల్లల ముక్కులు తుడుస్తూ, బూట్ల లేసులు కడుతూ, వెనకబడ్డవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తూ ఉంది. రోజూ విరామంలో ఎలియట్ దగ్గర కూర్చుని పండు ఒలిచి పెట్టేది. ఒకరోజు వాడు మాట్లాడాడు. ఆ సంగతి ఆమె పరుగున వచ్చి చెప్పినప్పుడు నేను నోటుపుస్తకాలు దిద్దుకుంటూ సగమే విన్నాను.

దరఖాస్తులో మావిస్ ఉండాల్సిన చోటల్లా “నేను” అని రాశాను. వినని సగం కల్పించాను. క్లాసు నాది, ఆమె నా కింద పనిచేసే మనిషి, కాబట్టి ఆమె చేసింది నేను చేసినట్టే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఇంటర్వ్యూకి పిలిచారు. ముందు రోజు మధ్యాహ్నం, పిల్లలు భోజనానికి వెళ్ళిన సమయంలో, డిప్యూటీ హెడ్మాస్టరు గ్రాహం నాతో ఒకసారి సాధన చేయిస్తానని ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళాడు. రేపు ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో తను లేడు కనుక తప్పేమీ లేదన్నాడు. నా దరఖాస్తు కాపీ నేనే ఇచ్చాను. రెండు ప్రశ్నలయ్యాయో లేదో, కిటికీ పక్క నుంచి వెళ్తున్న మావిస్‌ని కేకేశాడు.

“మావిస్! ఇటు రా. అయిదు నిమిషాలు పాలకమండలి సభ్యురాలివైపో. ఒక్కడి ముందు చెప్పడం వేరు, ఇద్దరి ముందు వేరు.”

“నేనా? అయితే నా టీ ఎవరు తెచ్చిపెడతారు?” అంటూనే వచ్చి, పిల్లల కుర్చీలో మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూర్చుంది. “కానీ అమ్మడూ. నేను చాలా కఠినమైన దాన్ని, చూసుకో మరి.”



గ్రాహం కాగితం తిప్పాడు. “ఇదిగో, నీ తురుపుముక్క ఇదే. ఎలియట్‌ని ఎలా మాట్లాడించావో చెప్పు. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి.”

“ఇది… ఇది వద్దులే గ్రాహం. వేరే ప్రశ్న అడగండి.”

“ఇదే కదా రేపు అడిగేది! సిగ్గుపడితే ఎలా? చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి.”

చెప్పాను. మావిస్ ఎదురుగా కూర్చుని ఉండగా, నేను రోజూ ఎలియట్ పక్కన కూర్చున్నానని చెప్పాను. నారింజపండు ఒలిచి పెట్టానని చెప్పాను. ఒకరోజు వాడు తలెత్తి నాకు “థాంక్యూ” అన్నాడని చెప్పాను. గోడ మీది అక్షరాల పటం వైపు తప్ప ఎటూ చూడలేకపోయాను.

“అద్భుతం! ఉద్యోగం నీదే పో,” అన్నాడు గ్రాహం. “సభ్యురాలు గారేమంటారు?”

“బాగా చెప్పింది,” అంది మావిస్.

గ్రాహం వెళ్ళిపోయాక నేను కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ ఆమె తిట్టే తిట్ల కోసం కాచుక్కూర్చున్నాను. ఆమె లేచి తలుపు మూసి వచ్చింది.

“నారింజ కాదు తల్లీ, కమలా. నారింజ తొక్క వాడి చేతికి లొంగదు. కమలా అయితే సగం నేను ఒలిస్తే మిగతా సగం వాడు ఒలిచేవాడు. రేపు నారింజ అన్నావనుకో, నువ్వక్కడ లేవని ఇట్టే పట్టేస్తారు.”

“మావిస్, నేను…”

“ఇంకోటి. థాంక్యూ ఏంటి, వాడి మొహం! ఏ పిల్లాడైనా మొదటి మాట థాంక్యూ అంటాడా? వారం రోజులు తొనలు పెట్టి, ఆ రోజు కావాలనే అన్నీ నేనే తినేశాను. ఒళ్ళుమండి, ‘నాకేదీ?’ అన్నాడు. అది చెప్పు. వాళ్ళు నవ్వుతారు, నవ్వాక నమ్ముతారు.”

“గ్రాహం దగ్గరకెళ్ళి నిజం చెప్పేస్తాను.”

“చెప్పి? ఫారంలో రాసేశావు. అబద్ధం రాసినదానికి ఉద్యోగమిస్తారా?” ఆమె గొంతులో కోపమేమీ లేదు, పిల్లలకి లెక్క విడమరిచినట్టే చెప్పింది. “నా ఇంటర్వ్యూ వచ్చే గురువారం. అదే గది, అదే హెడ్‌మిస్ట్రెస్. నేను ఎలియట్ ఊసెత్తనులే. ఇద్దరం ఒకే కథ చెబితే నీకే ముప్పు.”

సీనియర్ అసిస్టెంటు పోస్టుకి ఆమె కూడా పెట్టుకుందని అప్పటిదాకా నాకు తెలియదు. సెప్టెంబరు నుంచి ఒకే గదిలో పనిచేస్తూ నేనెప్పుడూ అడగలేదు.

మూడు గంటలకి గ్రాహం గది దాకా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. “ఏంటి రోవినా?” అన్నాడు.

“రేపు నల్ల కోటు వేసుకోనా, నీలం కోటా?” అని అడిగాను.

నీలం అన్నాడు.

మర్నాడు నీలం కోటు వేసుకెళ్ళి, ముగ్గురి ముందు కూర్చుని, కమలా అన్నాను. “నాకేదీ?” అన్నాను. వాళ్ళు నవ్వారు. తర్వాత హెడ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సాయంత్రం నాలుగున్నరకి ఫోను చేసి ఉద్యోగం నాదేనంది. అమ్మకి చెప్పాను, స్నేహితులకి చెప్పాను. అందరూ అభినందిస్తుంటే ఎక్కడికైనా పారిపోదామనిపించింది.

గురువారం మావిస్ ఎర్ర చొక్కా మీద బంగారు పిన్ను పెట్టుకుని వచ్చింది. రెండింటికి లోపలికి వెళ్ళి, రెండుంబావుకల్లా బయటికి వచ్చింది. పిల్లలు బొమ్మలు వేసుకుంటున్నారు. పెయింటు డబ్బాలు కడుగుతున్న నా పక్కకి వచ్చి నిలబడి, తనూ ఒక డబ్బా అందుకుంది.

“ఎలా జరిగింది?”

“మర్యాదగానే అడిగారులే. ఒక పిల్లాడి గురించి చెప్పమన్నారు. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది! ఒక్కడూ నోటికి రాలేదు, చూడు. ఎవరిది మొదలుపెట్టినా తిరిగి ఎలియట్ దగ్గరికే పోతోంది. ఆపేశాను.”

నేను కుళాయి కట్టేశాను.

“ఈసారికి లేదన్నారు. హెడ్ మంచిది, బాధపడొద్దంది. ‘అనుభవం ఉంది మావిస్, చెప్పుకోవడమే రాదు. మీ రోవినా ఎంత బాగా చెప్పిందో! ఆమె దగ్గర కూర్చుని నేర్చుకో, వచ్చే ఏడాది చూద్దాం’ అంది.” డబ్బా బోర్లించి, చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. “నేర్పిస్తావా మరి?”

వెక్కిరిస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. వెక్కిరిస్తే బాగుండుననిపించింది. నిజంగానే అడుగుతోంది.

నేర్పిస్తానన్నాను.