ఆడబిడ్డ అడిగిన దుంగ

"ఆ సన్నచాప ఓసారి దులిపి చుట్టి ఇయ్యి లూపే, బయట బండి ఆపి వచ్చాను" అంది మెలెనైతే గుమ్మంలోంచే.

లూపే చేతులు సబ్బునురగలో ఉన్నాయి. పావడాకి తుడుచుకుని లోపలికెళ్ళి, పరుపు కింద దాచుకున్న చాప లాగి, దులిపి, చుట్టి, తాడు కట్టి రెండు చేతులా అందించింది. అది పుట్టింటి నుంచి వచ్చిన చాప. చేత్తో నిమిరితే పట్టులా ఉంటుంది. "ఎవరు పోయారు వదినా?" అని మాత్రం అడిగింది. "మా ఆయన పినతండ్రి. మా అత్తింటివాళ్ళ ముందు తలెత్తుకోవాలి కదమ్మా" అంటూ మెలెనైతే చాప భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మెలెనైతే లూపే మొగుడు సెమిసికి అక్క, లూపేకి ఆడబిడ్డ. వవావు దీవిలో ఆడబిడ్డ నోరు తెరిచి అడిగాక కాదనే మాట ఇంతవరకూ ఎవరి నోటా పుట్టలేదు.

పెళ్ళైన దగ్గర్నుంచీ ఎన్ని చాపలు అల్లిందో, ఎన్ని నారబట్టలు కొట్టిందో లూపేకే గుర్తు లేదు. చెట్టు బెరడు ఒలిచి, నానబెట్టి, దుంగ మీద పరిచి సరుగుడు సమ్మెటతో పొద్దల్లా కొడితే బెత్తెడు పీలిక మూరెడు వెడల్పవుతుంది. నడుం విరుగుతుంది, బట్ట తయారవుతుంది. అంతలో ఎవరో పోతారు, లేదా ఎవరికో పెళ్ళి కుదురుతుంది, బట్ట వెళ్ళిపోతుంది. 'సెమిసి ఇంటివాళ్ళు ఎంత ఘనంగా పెట్టారు!' అని ఊరు ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ ఇంట్లో బెరడు ఒలిచిన చేతులు ఎవరివని అడిగిన పాపాన ఎవరూ పోరు. ఒకసారి అడ్డు చెప్పబోతే, "మా అక్క అడిగితే లేదంటానా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు సెమిసి. అతని మొహానికి చోటు వెతికిపెట్టడం కూడా లూపే చాకిరీలో కలిసిపోయింది.

ఇలాంటి మనిషికి గిటారు బుద్ధి పుట్టిందంటే తప్పు తుఫానుది. కిందటి తుఫానులో సముద్రం ఇంట్లోకొచ్చి సెమిసి ఎలక్ట్రిక్ గిటారుని ముంచేసింది. రంపపు పొట్టు అదిమి చేసిన చెక్క కావడంతో నానిన రొట్టెలా ఉబ్బిపోయింది. ఎగిరిపోయిన ఇంటిరేకుల కోసం ఏడవనివాడు దానికోసం ఏడ్చాడు. ఏడ్చి పెరట్లో పారేసి, ఆక్లాండ్‌లో ఉన్న బంధువు చేత కొత్తది తెప్పించుకున్నాడు. పారేసినదాని మెడ, తీగలు బిగించే మరలు, తీగ కదలిక పట్టే అయస్కాంతాలు, వైర్లు లూపే విప్పి తెచ్చి బియ్యం డబ్బాలో పూడ్చి ఆరబెట్టింది. ఆ గిటారు మునగకముందు, సెమిసి తోటకెళ్ళిన వేళల్లో దానిమీద ఆమె చాలానే నేర్చుకుంది. కరెంటు తగిలించకుండా వాయిస్తే ఎలక్ట్రిక్ గిటారు మోత వాయించే మనిషికి తప్ప పక్కింటికి వినబడదు. లూపేకి అది బాగా అలవాటైన సంగతే. ఇంట్లో ఆమె మాటా అంతవరకే వినబడేది.

ఇప్పుడు కావలసిందల్లా ఆ మెడ బిగించడానికి ఒళ్ళు. మంచి చెక్కతో, తన చేత్తో చేసుకున్న ఒళ్ళు. తలుచుకున్నకొద్దీ ఆమెకి నవ్వొచ్చేది. ఎంత పెద్ద ఆడబిడ్డయినా శవం మీద కప్పడానికి ఎలక్ట్రిక్ గిటారు ఇమ్మని అడగదు కదా! ఈ ఇంట్లో తాను చేసిన వస్తువు ఒక్కటి, ఒకే ఒక్కటి తనదిగా మిగలాలి. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

మొదట తుఫానుకి కూలిన మామిడి మాను నుంచి కోసిన పలక దొరికింది. లూపే బట్టలు ఆరేసిన చేత్తోనే ఆ పచ్చి పలకని కూడా మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేసింది. నాలుగు రోజులకి అది పడవలా వంగి, ఈ చివర నుంచి ఆ చివరకి నవ్వినట్టు పగిలింది. సాయంత్రం కావా వేరు రసం తాగడానికి చేరిన సెమిసి స్నేహితులు కూడా బాగానే నవ్వారు. "లూపే గిటారు చేస్తుందట. మరి మనం రేపట్నుంచి నారబట్ట కొడదామా?" అన్నాడొకడు. "కొట్టి చూడు, సాయంత్రానికి నీ నడుం సంగతి నువ్వే చెబుదువు" అని లూపే కావా గిన్నె నింపి లోపలికి వెళ్ళింది.

ఆ తరవాత ఆమె వేళ్ళు ఊరుకోలేదు. కనబడ్డ కర్రనల్లా మెటికతో తట్టడం, చెవి ఒగ్గి వినడం. పందుల తొట్టి మొద్దుగా పలికింది. మంచం కోడు అసలు పలకలేదు. ఆదివారం గుడిలో బల్ల తడుతుంటే పాస్టరు భార్య వెనక్కి తిరిగి, "ఎవరి తలుపు తడుతున్నావమ్మా? ప్రభువు లోపలే ఉన్నాడు" అంది. ఆ నవ్వుల మధ్యే లూపేకి చటుక్కున తట్టింది, అమ్మ దుంగ! గంగరావి మాను. అమ్మ దానిమీద సమ్మెట వేస్తే రేవులో దిగేవాళ్ళు కూడా 'ఆవిడ పనిలో కూర్చుంది' అనేవాళ్ళు. అంతలా మోగేది. ఎన్నేళ్ళుగానో నీడపట్టున ఉండి లోపలిదాకా ఆరిన చెక్క. ఇప్పుడు తమ్ముడు ఫోలావు ఇంట్లో ఉంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. సెమిసి ఇంట్లో ఎవరేమడిగినా ఇచ్చే మనిషి తను. ఫోలావు ఇంట్లో మాత్రం తనే ఆడబిడ్డ!

మర్నాడే బస్సెక్కింది. ఆడబిడ్డ హోదాలో ఖాళీ చేతులతో దిగింది. పుట్టింట్లో అన్నిటికన్నా మంచి చాప పరిచారు. కొబ్బరిపాలల్లో ఉడికిన చేమాకు పొట్లం, పంది వీపు ముక్క ముందు పెట్టారు. అక్క కూర్చున్న గదిలో తమ్ముడు కాలు పెట్టడు కనక ఫోలావు గుమ్మం బయట తల వంచుకుని నిలబడ్డాడు. పెరట్లో ఫోలావు భార్య వీకా నారబట్ట కొడుతున్న చప్పుడు టంగు టంగున వినిపిస్తోంది. అదే గొంతు. అమ్మ దుంగ గొంతు.

"అమ్మ దుంగ నాకు కావాలి ఫోలావూ."

"దాందేముంది, తీసుకెళ్ళండక్కా. సాయంత్రం బండి మీద దింపిస్తా" అన్నాడు ఫోలావు, ఇంకా తల ఎత్తకుండానే.

పెరట్లో చప్పుడు ఆగిపోయింది.

లూపే లేచి వెళ్ళి చూసింది. వీకా సగం కొట్టిన బట్టని దుంగ మీంచి తీసి, మడిచి, చెక్క మీద అంటిన నారపోగుల్ని గోటితో గీకి శుభ్రం చేస్తోంది. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. చెప్పిన పని చేసే మొహం. ఆ మొహాన్ని లూపే రోజూ అద్దంలో చూసుకుంటుంది. ఇక్కడ మెలెనైతే తనే. ఆమెకి తల కొట్టేసినట్టు సిగ్గేసింది.

"వీకా, ఆగు. దీనిమీద పొద్దల్లా కూర్చునేది నువ్వు. నేను అడగాల్సింది నిన్ను."

"ఆయన ఇచ్చారుగా వదినా."

"ఆయనెప్పుడైనా సమ్మెట పట్టాడా? నువ్వు చెప్పు. ఇవ్వనని చెప్పు."

వీకా అదిరిపడింది. "అయ్యో, అదేం మాటండీ! ఎవరైనా వింటే?"

"నేను నీ ఆడబిడ్డనా కాదా?"

"అవును."

"నా మాట వినాలా వద్దా?"

"వినాలి."

"అయితే ఇది నా ఆజ్ఞ. అను."

వీకా దుంగ కేసి చూస్తూ ఏదో గొణిగింది.

"వినబడలేదు."

"ఇవ్వను" అంది వీకా. కోళ్ళు తప్ప ఎవరూ వినలేదని చుట్టూ చూసి నిర్ధారించుకుని, గొంతు పెంచింది. "ఇవ్వను! ఇవ్వనంటే ఇవ్వను! కిందటేడు నా పెళ్ళి సన్నచాప పట్టుకెళ్ళారు, మా అమ్మ కళ్ళు పోగొట్టుకుని అల్లింది. అదీ ఇవ్వకుండా ఉండాల్సింది!"

అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లూపే దుంగ మీద కూలబడింది. పుట్టింటి చాప, పట్టులాంటి చాప అని మురిసిందే తప్ప, అది ఎవరి అమ్మ చేతి చాపో ఏనాడూ అడగలేదు.

"అది నా దగ్గర లేదు వీకా. మా ఆడబిడ్డ పట్టుకుపోయింది. అది పోయాక ఎంత ఏడ్చానో!"

"నేను అంతకన్నా ఎక్కువ ఏడ్చాను."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు గానీ, ఆపడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. ఫోలావు కంగారుగా గోడవార నుంచి తొంగి చూసి, అక్క ఉందని మళ్ళీ వెనక్కి తగ్గాడు.

"ఇంతకీ దుంగెందుకు?" అంది వీకా కళ్ళు తుడుచుకుంటూ. లూపే చెప్పింది. వీకా వింటూ వింటూ దుంగని ఈ చివర నుంచి ఆ చివరకి మెటికలతో తట్టింది. "నడిమి భాగం ఇవ్వను. నా బట్టకి అదే కావాలి. ఈ చివర అత్తయ్య పోయాక ఎవరూ కూర్చోవడం లేదు. ఇదిగో, ఇక్కణ్ణుంచి కోసుకోండి. ఇక్కడైతే పగుళ్ళు లేవు, ముడి లేదు. కానీ ఊరికే కాదు. నాక్కూడా గిటారు నేర్పాలి." ఎప్పుడూ ఎవరితోనూ బేరమాడని మనిషి ఎంత గట్టిగా బేరమాడిందని! లూపే ఒప్పేసుకుంది.

చెరో వైపూ రంపం పట్టుకుని ఇద్దరూ ఆ చివర కోసి, రెండు పలకలుగా చీల్చారు. పైన బూడిదరంగు, లోపల ఎర్రటి చెక్క, గులాబీలాంటి వాసన. మామిడి నేర్పిన బుద్ధితో లూపే కోసిన చివరలకి కొవ్వొత్తి మైనం పూసి, రెండు పలకల మధ్యా పుల్లలు పెట్టి, గాలి ఆడేలా తన ఇంటి అటక కింద ఉంచింది. ఎండ పొడ తగలనివ్వలేదు. పలకలు వంగడం, ముడుచుకోవడం మానేదాకా ఓపిక పట్టింది. ఆ తరవాత సెమిసి కొన్నాక ఒక్కనాడూ ముట్టని చిత్రిక తీసి, రెండూ కలిపి అంటించడానికి అంచులు చదును చేసింది. రెండు అంచులూ ఆనించి కిటికీకెదురుగా పట్టి చూడడం, సందులోంచి వెలుతురు సన్నగా కనిపిస్తే మళ్ళీ చిత్రిక పట్టడం. చివరికి వెలుతురు మూసుకుపోయిన రోజున వంటింట్లో ఒక్కతే గంతులేసింది. జిగురు పూసి, కొబ్బరితాడు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పింది. అంటుకున్నాక మెటికతో తట్టింది. టంగుమంది. అది తన చెక్క!

పలక ముఖం మీద ఆఖరి చిత్రిక పడుతున్న పూట మెలెనైతే వచ్చింది. సెమిసి వరండాలో దుంపలు తింటున్నాడు.

"అబ్బ, ఎంత నున్నగా ఉంది! వచ్చే ఆదివారం మా ఆడబిడ్డ విందుకొస్తోంది. పందిని కోసి దీనిమీద పెడితే చూడముచ్చటగా ఉంటుంది. ఓసారి తుడిచి ఇయ్యి లూపే."

వీకాకి ఆజ్ఞ ఇచ్చి మరీ అనిపించిన మాట లూపే ఇంతవరకూ ఒక్కసారీ అనలేదు. చిత్రిక ఆపలేదు. ఆపితే చేతులు పలకని తుడిచి ఇచ్చేస్తాయని భయం.

"ఇవ్వను వదినా. ఇది నా గిటారు."

సెమిసికి దుంప గొంతులో అడ్డం పడింది. దగ్గుతూ లేచి, తన మొహం పెట్టుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. మెలెనైతే నిలబడిపోయింది. లూపే తల ఎత్తకుండా ఎర్రటి పొట్టు చుట్టలు చుట్టలుగా దించుతూనే ఉంది. ఎంతకీ అడుగుల చప్పుడు లేదు, బండి కదిలిన చప్పుడూ లేదు. చాలాసేపటికి మెలెనైతే వచ్చి ఎదురుగా చతికిలబడి, కదులుతున్న పలకని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది.

"లూపే," అంది గొంతు బాగా తగ్గించి, "ఆదివారం మా ఆడబిడ్డతో ఆ మాట అనేటప్పుడు మొహంలోకి చూడాలా, నేలకేసి చూడాలా?"